ముడతలు తుడిచే టీచరమ్మ

మొహంమీది రెండో ముడతలోకి దూది దూరగానే సామ తల అడ్డంగా విదిల్చింది. దూది నేలమీద పడింది. కొర్ర పరిగెత్తుకొచ్చి దాన్ని నోట కరుచుకుంది. దాని నోట్లోంచి దూది లాగుతుంటే వెనకనుంచి వలిసె వచ్చి నా చున్నీ మీద కూర్చుంది. చోడి మాత్రం ఎప్పట్లాగే మూలన గురక పెడుతోంది. ఇదంతా రోజూ జరిగేదే. ఆరోజు తేడా ఒక్కటే. గుమ్మంలో టీచరమ్మ మేనల్లుడు నిలబడి ఉన్నాడు, చేతిలో ఇంటి తాళాలు ఆడిస్తూ.

“ఇంకా ఎంతసేపమ్మాయ్?” అన్నాడు.

“అయిపోనాది సార్. సామ ఒకర్తే ఉంది. తుడిసీసినాను, ఆరబెట్టాలి.”

“కుక్క మొహం ఆరబెట్టడమేటి? గుడ్డా అది, తీగమీద ఎయ్యడానికి?”

నాకు నవ్వు రాలేదు. మూడేళ్ళ కింద నేనూ ఇంచుమించు అదే మాట అన్నాను, టీచరమ్మతో. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. “తుడవడం సగమే గుంటా. ఆరబెట్టడం మిగతా సగం” అంది. అంతే. ఆ తర్వాత ఆ మాట రోజుకి నాలుగుసార్లు చెప్పేది, కుక్కకి ఒకసారి చొప్పున.

టీచరమ్మ పోయి అప్పటికి ఇరవై రోజులు. ఇల్లు అద్దెది. ఓనరు అక్కడ టూరిస్టులకి గదులు కట్టుకుంటాడట, తాళాలు ఇచ్చెయ్యమన్నాడు. మేనల్లుడు పార్వతీపురంనుంచి వచ్చి రెండు రోజులుగా సామాన్లు సర్దుతున్నాడు. బీరువా అయిపోయింది, మంచాలు అయిపోయాయి, పుస్తకాలు చర్చివాళ్ళు తీసుకెళ్ళారు. మిగిలినవి నాలుగు పగ్ కుక్కలు.

“రేపు పదికి వేన్ వస్తాది. ఈటిని ఎక్కించీ” అన్నాడాయన. “మా ఈదిలో నలుగురు అడిగినారు. తలా ఒకటి ఇచ్చీస్తాను.”

“కొండ దించకండి సార్. కింద ఉక్కకి ఇవి ఆగవు. టీచరమ్మ...”

“అత్త సెప్పింది నాకూ తెలుసు. నన్నేటి సెయ్యమంటావు? నా ఇంట్లో మేమే అయిదుగురం రెండు గదుల్లో ఉన్నాం.” ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. “నువ్వుంచుకుంటావేటి? ఉంచుకో. నాకంటే నీకే అలవాటు. పది లోపల ఫోన్ సెయ్యి.”

నేను సామ ముడతలో పొడిదూది అద్దుతూ ఉండిపోయాను. ఉంచుకుంటానని ఎందుకు అనలేకపోయానో తెలియాలంటే ముందు ఆవిడ తెలియాలి.

*

పొట్టి మనిషి. చీరమీద ఎప్పుడూ ఊదారంగు స్వెట్టరు, మే నెలలో కూడా. కళ్ళజోడుకి తాడు. ఆ స్వెట్టరుకి రెండు జేబులు, రెండింట్లోనూ దూది. డబ్బాలో పెట్టుకోవచ్చు కదా అని అడిగితే, వానాకాలంలో అరకులో డబ్బాలో ఉన్నది కూడా చెమ్మగిల్లుతుందని, ఒంటి వేడికి ఉన్న దూదే పొడిగా ఉంటుందని చెప్పేది. చర్చిలో చిల్లర తీయబోతే దూది, బస్సులో టికెట్టు తీయబోతే దూది. ఒకసారి నాకు పకోడీ పొట్లం ఇచ్చింది, విప్పితే పకోడీలకంటే ముందు దూది ఉంది.

ఆవిడ మొహం కూడా ముడతలే. అద్దంలో చూసుకుని, ఒళ్ళో ఉన్న సామని చూసి, “మా ఇద్దరికీ ఒక్క టైలరే కుట్టినట్టున్నాడే. గుడ్డ మిగిలిపోతే ఎక్కడ పెట్టాలో తెలీక మొహాన పెట్టీసినాడు” అనేది.

ఆవిడని నేను మొదట చూసింది సంతలో. అమ్మా నేనూ మా పొలంలో పండిన చిక్కుడుకాయలు, పసుపుకొమ్ములు పరుచుకుని కూర్చున్నాం. పక్కన ఉల్లిపాయలాయన దగ్గర గొడవ. చూస్తే ఆయన కాటాలో ఒక పక్క రాళ్ళు, ఇంకో పక్క కుక్క! బొద్దుగా, ముక్కు లేకుండా, కళ్ళు బయటికి తన్నుకొచ్చి. ఆయన లబలబలాడుతున్నాడు.

“అమ్మా, ఇందులో ఉల్లిపాయలు తూస్తానమ్మా!”

“నేనేమైనా కొరికి తినమన్నానా నాయనా? బరువు సూసి దించీస్తాను. ఒళ్ళు పెరిగితే దీనికి ఊపిరాడదు. గుంటా, ఇలా వచ్చి కొంచెం పట్టుకోవే!”

మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఆ గుంట నేనే. వెళ్ళి పట్టుకున్నాను. అది నా మొహంమీద గట్టిగా తుమ్మింది. ఎంత గట్టిగా అంటే, మా అమ్మ అటునుంచి “సీ సీ!” అని అరిచింది. నేను చున్నీ కొంగుతో దాని ముక్కు తుడిచి, తర్వాత నా మొహం తుడుచుకున్నాను. టీచరమ్మ కళ్ళజోడు పైకి తోసి నన్నలా చూసింది.

“ఎంతవరకు సదివావు?”

“ఎనిమిది. ఆశ్రమ బళ్ళో.”

“రేపట్నుంచి మా ఇంటికి రా.”

తర్వాత చాలాకాలానికి అడిగాను, నన్నెందుకు రమ్మన్నారని. “ముందు దాని ముక్కు తుడిచావు కదే. అది నేర్పితే వచ్చేది కాదు” అంది.

మా అమ్మకి మాత్రం ఆ కుక్కలు మింగుడుపడేవి కాదు. “ఈటి ముక్కులు ఎవుడు కొట్టీసినాడే?” అనేది. “పులొస్తే అరవవు, దొంగొస్తే లెగవవు. గురక పెట్టడానికి కుక్కెందుకు? మీ అయ్య సాలడా?”

*

పొద్దున్నే ఆవిడ చేసే మొదటి పని హాజరు. ముప్పై ఏళ్ళు సాలూరు మిషన్ బళ్ళో పాఠాలు చెప్పిన అలవాటు. వరండాలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, లేని రిజిస్టరు చూస్తున్నట్టు తల వంచి పిలిచేది.

“సామా!” పెద్దది, ఒక కన్ను మసక. వచ్చి పాదాల దగ్గర కూలబడేది.

“కొర్రా!” పిలవకముందే వచ్చి ఉండేది.

“చోడీ!” మూడుసార్లు పిలవాలి. “లేట్” అనేది టీచరమ్మ గంభీరంగా.

“వలిసీ!” నల్లది. నూనె తీసే వలిసె గింజలా నిగనిగలాడేది. అందుకే ఆ పేరు. మిగతావాటికీ ఈ కొండమీద పండే గింజల పేర్లే. “ఊళ్ళో జనం టైగర్ అనీ, రాజా అనీ పెడతారు. తినే తిండి పేరు పెడితే ఎవరూ తన్నరు” అని ఆవిడ లెక్క.

చివర్న “గుంటా!” అనేది. నేను “ప్రెజెంట్ టీచరమ్మా” అనాలి. వంటింట్లోంచి “ఆఁ” అంటే కుదరదు. చేతిలో చీపురున్నా వచ్చి నిలబడి చెప్పాల్సిందే.

హాజరు అయ్యాక నాలుకలు చూడాలి. తర్వాత ముడతలు. తర్వాతే చోడిజావ, అంటే రాగిజావ, గుడ్డు. “ఊపిరి ముందు, అన్నం తర్వాత” అనేది.

ముడతలంటే తేలిక కాదు. గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, పిండి, ముక్కు దగ్గర్నుంచి చెవి వైపు లాగాలి. ఎదురు లాగితే మురికి కంట్లోకి పోతుంది. ఒక్కరోజు మానేస్తే ముడత లోపల పులిసిన చద్దన్నం వాసన. రెండ్రోజులు మానేస్తే ఎర్రగా పుండు. తుడిచాక పొడిదూది. ఆ పొడిదూది దగ్గరే నాకు ఓపిక ఉండేది కాదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మళ్ళీ పెట్టించేది. మెడకి పట్టీ కట్టకూడదు, లాగితే కళ్ళు బయటికి వచ్చేస్తాయి. ఛాతీకి కట్టాలి. చెవుల్లో నీళ్ళు పోకూడదు. వెంట్రుకలు రాలి చీరకి, కంబళికి, అట్లపిండికి, బైబిలు పేజీల మధ్యకి చేరేవి. ఒకాదివారం ఫాదరుగారి ఒడిలో పెట్టిన ప్లేటులో కేకుమీద ఒక తెల్ల వెంట్రుక. ఆయన చూసి ఊరుకున్నాడు, ఆవిడ చూసి, “అది సామది, శుభ్రమైనదేనండి” అంది.

నవ్వు మనిషి అనుకుంటారేమో. కాదు. మధ్యాహ్నాలు ఒక్కోసారి ఎండ బాగా వచ్చిందంటే ఆవిడ మాట్లాడేది కాదు. కుక్కల పక్కన నేలమీద కూర్చుని వాటి డొక్కలు చూస్తూ ఉండేది. సాలూరులో ఉన్నప్పుడు మొదట ఒకే ఒక్క పగ్ ఉండేదట. మే నెలలో, పార్వతీపురంనుంచి సాలూరు బస్సులో, ఒళ్ళో పెట్టుకుని వస్తోందట. నిద్రపోతోందనుకుందట. దిగేటప్పుడు చూస్తే నాలుక నీలంగా ఉందట. ఇంతే చెప్పింది. మిగతాది ఎప్పుడడిగినా “ఒళ్ళోనే” అనేది, అంతే. రిటైరయ్యాక పిల్ల సామని తీసుకుని కొండెక్కేసింది. మళ్ళీ దిగలేదు. మేనల్లుడి పెళ్ళికి కూడా దిగలేదు.

వలిసె గోళ్ళు తీస్తున్నప్పుడు ఒకరోజు అడిగింది. నల్లకుక్కకి గోళ్ళు కూడా నలుపే, లోపల రక్తం ఎక్కడివరకు ఉందో కనబడదు. కొద్దికొద్దిగా తీసుకోవాలి. నేను ఊపిరి బిగబట్టి కత్తిరిస్తున్నాను. ఆవిడ వలిసె తల పట్టుకుని ఉంది.

“గుంటా, నేను పోతే వీటిని కొండ దించనియ్యకు.”

“మీరెక్కడికి పోతారు టీచరమ్మా, కదలకండి, ఇది లాగీసుకుంటంది.”

“దించనియ్యనని చెప్పు.”

“దించనియ్యను. కదలకండి బాబూ!”

గోరుమీద దృష్టి పెట్టి ఇచ్చిన మాట అది.

*

ఇప్పుడు నా తెలివితక్కువ పనుల గురించి చెప్పాలి. రెండున్నాయి.

మొదటిది నేను చేరిన ఏడాది డిసెంబరులో. ఆ ఏడు చలి విపరీతం. పొద్దున్నే గడ్డిమీద తెల్లగా ఉప్పు చల్లినట్టు ఉండేది. ఒకాదివారం సాయంత్రం టీచరమ్మ క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి చర్చికి వెళ్ళింది. కుక్కలు నాలుగూ ఒకదానిలో ఒకటి ముడుచుకుని వణుకుతున్నాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. మా ఇంట్లో అయితే ఏం చేస్తాం? కుండలో నిప్పులు పోసి పక్కన పెట్టుకుంటాం. నేనూ అదే చేశాను. నిప్పులమీద రెండు పచ్చిపుల్లలు కూడా వేశాను, ఎక్కువసేపు ఉంటుందని. చలిగాలి రాకుండా కిటికీలు బిగించాను. తలుపు వేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను, మంచిపని చేశానని మురిసిపోతూ.

కాసేపటికి గురక ఆగిపోయింది. ఆ ఇంట్లో గురక ఆగడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలీదు. గేటు తీసుకుని వస్తున్న టీచరమ్మకి తెలిసింది. చర్చి చీరతోనే పరిగెత్తుకొచ్చి తలుపు తోసింది. లోపల పొగ. చోడి పక్కకి పడిపోయి ఉంది. సామ నాలుక బయటికి వేలాడుతోంది, నీలంగా.

ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి దూరింది. కిటికీలు తీసింది. ఒక్కొక్కదాన్ని ఎత్తుకుని వరండాలో మంచులో పడుకోబెట్టింది. సామ తలని నా ఒళ్ళో పెట్టి, గొంతు కింద రెండు వేళ్ళతో ఎలా నిమరాలో చూపించింది. “ఏడవకు. ఊపిర్లు లెక్కపెట్టు. పైకి లెక్కపెట్టు, నాకు వినబడాలి” అంది. నేను లెక్కపెట్టాను. ఎన్నిసార్లు తప్పానో. చాలాసేపటికి సామ నాలుక అంచున కొంచెం ఎరుపు వచ్చింది, అక్కడ్నుంచి లోపలికి పాకింది. అప్పుడు టీచరమ్మ గోడకి చేరబడి, కళ్ళజోడు తీసి, జేబులోంచి దూది తీసి తన కళ్ళు తుడుచుకుంది.

“నీ ప్రేమ మంచిదే గుంటా. పొగ మంచిది కాదు” అంది. “వీటికి ముక్కు లేదు. మనం పీల్చే గాలిలో సగమే వీటికి అందుతుంది. ఆ సగంలో పొగ పెట్టకూడదు.”

మర్నాటి నుంచే నాలుకలు చూడటం మొదలైంది. హాజరు కాగానే ఒక్కొక్కదాని నోరు తెరిచి నేను చెప్పాలి. “సామ, గులాబీ. కొర్ర, గులాబీ. చోడి, గులాబీ. వలిసె, గులాబీ.” నీలం తిరిగితే పరిగెత్తమని ఆవిడ చెప్పింది. ఎవరి దగ్గరికి, ఎక్కడికి అని ఆలోచించొద్దు, ముందు పరిగెత్తమంది.

రెండోది ఈ ఏడాదే జరిగింది.

నేరేడుపళ్ళ కాలం. మా ఊరి గెడ్డవాగు ఒడ్డున చెట్టుంది, పళ్ళు బొటనవేలంత. టీచరమ్మకి ఉప్పు అద్దుకుని తినడం ఇష్టం. రోజూ ఆకు పొట్లంలో తీసుకెళ్ళేదాన్ని. తిని నాలుక బయటపెట్టి, “నాదీ చెప్పవే” అనేది. నేను “టీచరమ్మ, ఊదా!” అనేదాన్ని. ఇద్దరం నవ్వేవాళ్ళం. పది పన్నెండు రోజులు అదే ఆట. పెదాలు ఎప్పుడు చూసినా ఊదారంగే.

ఈ ఏడాది మొదటినుంచీ ఆవిడకి ఆయాసంగానే ఉంది. గేటు దాకా వెళ్ళి మధ్యలో ఆగేది. “నా ముక్కు కూడా చిన్నదైపోతోందే” అనేది. హాస్పిటల్‌కి వెళ్దామంటే, వైజాగ్ దిగాలి కదా, వీటినెవరు చూస్తారు అనేది. నేను చూస్తానంటే, చూద్దాంలే అనేది.

ఆ పొద్దున ముసురు. నేను వెళ్ళేసరికి కుర్చీలో కూర్చుని ఉంది. హాజరు పిలుస్తోంది. సామ, కొర్ర... చోడి పేరు దగ్గర ఆగింది. వలిసె పేరు పిలవనే లేదు. పెదాలు ఊదాగా ఉన్నాయి.

“టీచరమ్మా, పొద్దున్నే పళ్ళు తినీసినారేటి? సిన్నపిల్లలాగ!” అన్నాను నేను. నవ్వాను కూడా.

ఆవిడ చెయ్యి కొంచెం పైకెత్తింది. నేనది నవ్వుకి జవాబు అనుకున్నాను. కూర్చుని ఒక్కొక్కదాని నోరు తెరిచి చూశాను. నాలుగు నాలుకలు. నాలుగూ గులాబీయే. పైకి చెప్పాను కూడా. నీళ్ళు వెచ్చబెట్టుకురావడానికి వంటింట్లోకి వెళ్ళాను. కుక్కలు నా వెనక రాలేదు. రోజూ వస్తాయి. ఆరోజు కుర్చీ చుట్టూ కూర్చుండిపోయాయి. అప్పటికి గానీ తిరిగి చూడలేదు నేను.

పరిగెత్తాను. ఆటో తెచ్చాను. దారిలోనే, నా ఒళ్ళోనే...

సాయంత్రం ఆవిడ చీర కోసం ఇంటికి తిరిగొచ్చినప్పుడు గూట్లో చూశాను. ముందురోజు నేనిచ్చిన ఆకు పొట్లం. కట్టిన నార కట్టినట్టే ఉంది. ఆవిడ ఒక్క పండు కూడా తినలేదు.

గుండె, వయసు, అన్నాడు డాక్టరు. ముందే తెలిసినా ఏం చేయలేకపోయేవాళ్ళమన్నాడు. చర్చిలో అందరూ నా తల నిమిరారు. ఎవరికీ పొట్లం సంగతి చెప్పలేదు. కుక్క నాలుక నీలం తిరిగితే గుమ్మంలోంచే చెప్పగలను నేను. మూడేళ్ళు అదే నా చదువు.

ఆ ఇరవై రోజులూ రోజూ వెళ్ళాను. ముడతలు తుడిచాను, జావ పెట్టాను. హాజరు మాత్రం పిలవలేకపోయాను. నాలుగూ కుర్చీ ముందు వరసగా కూర్చుని నా మొహంలోకి చూసేవి. ఆ కళ్ళు ఉండటమే పెద్దవి. తట్టుకోలేక నేను చీపురు పట్టుకుని పెరట్లోకి పోయేదాన్ని.

*

మేనల్లుడు పదింటి సంగతి చెప్పిన ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా గుమ్మంలో నిలబడ్డాను. మొదటిసారి మా ఇంటిని పగ్ ముక్కుతో చూశాను.

మాది కాలనీ ఇల్లు. సిమెంటు గోడలు, రేకుల కప్పు. కానీ ఇంటి మధ్యలో పొయ్యి. మూడు రాళ్ళు. మా పాత ఇంట్లోవి, మా నాయనమ్మ పెట్టినవి. వానాకాలం వచ్చిందంటే ఆ పొయ్యి ఆరదు. పైన దండేనికి విత్తనపు జొన్నకండెలు వేలాడుతుంటాయి, పొగకి పురుగు పట్టకుండా. తడిసిన బట్టలు అక్కడే, తడిసిన మనుషులు అక్కడే. గోడలు కాటుక పెట్టినట్టు ఉంటాయి. గ్యాస్ బండ ఉంది. మూల పెట్టి దానిమీద బియ్యం డబ్బా పెట్టుకున్నాం. మా ఊళ్ళో ఒక ఇంటినుంచి పొగ రాలేదంటే, ఏమైందోనని పక్కింటివాళ్ళు వచ్చి చూస్తారు.

అమ్మ పొయ్యి ముందు కూర్చుని కర్ర ఎగదోస్తోంది.

“అమ్మా, టీచరమ్మ కుక్కల్ని మనం తెచ్చుకుందామే.”

“తెచ్చుకో. ఎవులొద్దన్నారు? పెరట్లో కట్టీ.”

“పెరట్లో వానకి బతకవు. ఇంట్లోనే ఉండాల.”

“ఇంట్లోనే ఉంచు. ఆ మూల పడుంటాయి.”

“పొగుంటే సచ్చిపోతాయమ్మా.”

అమ్మ కర్ర పక్కన పెట్టింది. “అయితే ఏటంటావు? పొయ్యి ఆర్పీమంటావేటి?”

“బయట చూరు కింద పెట్టుకుందాం.”

“వానలోనా? సాలు సాలు. గింజలెక్కడ ఆరతాయే? తడిసొచ్చిన మీ అయ్య ఎక్కడ కూకుంటాడు? నాను కోడలుగా వచ్చినకాడ్నుంచి ఈ రాళ్ళు కదల్లేదు. కుక్కల కోసం పొయ్యి కదిపినాదంటే ఊరంతా మొహాన ఉమ్మరా? నీ ముక్కూ నా ముక్కూ ఈ పొగలోనే పెరిగినాయి. మనకి పడింది ఆటికి పడదేటి?”

“ఆటికి ముక్కు లేదమ్మా!”

నేను అరిచాను. తర్వాత ఏడ్చాను. ఏడుస్తూ పొట్లం సంగతి చెప్పేశాను. పెదాలు, నవ్వు, ఎత్తిన చెయ్యి, నార విప్పని ఆకు. ఎవరికీ చెప్పనిది మొత్తం చెప్పాను. దించనియ్యనని ఇచ్చిన మాట కూడా చెప్పాను. “నా సేతిలో ఆవిడ పోనాది. ఇప్పుడు ఇయ్యి కూడా పోతాయి. ఒక్కోటి ఒక్కో ఇంట్లో పోతాది, ఎవులికీ తెల్దు, ఎవులూ నాలికలు సూడరు.”

అమ్మ కర్రని మళ్ళీ ఎగదోసింది. పొయ్యిలో కర్ర చిటపటలాడింది.

“నీ సేతిలో పోలేదే” అంది చివరికి. “మరి రాళ్ళు మాత్రం కదపకు. ఇంటికేటవుతాదోనని నాకు బయమేస్తాది.”

నాన్న వచ్చాడు, తడిసి. పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఆయన చొక్కాలోంచి ఆవిరి లేస్తుంటే చూస్తూ ఉండిపోయాను. అమ్మ మాటలో తప్పేమీ కనబడలేదు నాకు. మేనల్లుడి మాటలోనూ కనబడలేదు. అందరూ సరిగానే ఉన్నారు. నాలుగు ప్రాణాలకి మాత్రం ఈ కొండమీదా, కొండ కిందా ఎక్కడా చోటు లేదు.

*

మర్నాడు తెల్లవారుతుండగానే లేచాను. వాన పడుతూనే ఉంది. నాన్న నాకంటే ముందే కాఫీతోటకి వెళ్ళిపోయాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

ముందు నిప్పులు కుండలోకి ఎత్తి చూరు కింద పెట్టాను. బూడిద ఎత్తాను. మొదటి రాయి ఊపితే ఊడింది. ఇంకా వేడిగా ఉంది, గోనెసంచితో పట్టుకుని బయటికి మోశాను. రెండోదీ అలాగే. మూడోది కదల్లేదు. గునపం దింపాను. ఆ చప్పుడుకి అమ్మ లేచి కూర్చుంది.

“నాయినమ్మ కూడా పాతింటినుంచి మోసుకొచ్చింది కదే ఈటిని” అన్నాను, అమ్మ ఏమీ అనకముందే. “ఒకసారి కదిలినవే కదా.”

అమ్మ నన్ను చూసింది, గునపం దిగిన గోతిని చూసింది. లేచి, దండెంమీది జొన్నకండెలు ఒక్కొక్కటే దించి బుట్టలో వేసుకోవడం మొదలుపెట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే దించింది.

మూడో రాయి వచ్చింది. బయటపెట్టి మేనల్లుడికి ఫోన్ చేశాను. “వేన్ ఒద్దు సార్, నానే వచ్చి తీసుకెళ్తాను” అన్నాను. “పదికి తాళం ఇచ్చీయాలమ్మా, బేగి రా” అన్నాడాయన.

పొగ లేదు. పొగ వాసన మాత్రం గోడలకి పట్టే ఉంది. తలుపు, కిటికీ బార్లా తీశాను. బకెట్టు నిండా నీళ్ళు, గోనెపట్టా తీసుకుని గోడలు తుడిచాను. పైనుంచి కిందికి. నీళ్ళు నల్లగా కారాయి. నాలుగు బకెట్లు మారిస్తే మసి కింద సిమెంటు కనబడింది. ఊపిరి గట్టిగా పీల్చి చూశాను. తడి వాసన, మసి వాసన. వానగాలికి గోడలు ఆరేలా లేవు. ఎనిమిది దాటింది.

అమ్మ ట్రంకుపెట్టె తెరిచి, అడుగున మడతపెట్టి ఉన్న తన నూలుచీర తీసి నా మీదకి విసిరింది. ఇంట్లో పొడిగా ఉన్న గుడ్డ అదొక్కటే. దాన్ని నాలుగు మడతలు వేసి, మొదటి గోడ దగ్గర నిలబడి, మూలనుంచి అద్దడం మొదలుపెట్టాను.